వెన్న పక్కన పెట్టె

అక్టోబరు 3, 1993. ఆదివారం

యిత్కా వచ్చేసింది. రెండు సూట్‌కేసులు, ఒక రబ్బరు మొక్క, భుజం మీద నిద్రపోతున్న అనేష్కా. బస్సు దిగి కొండెక్కి వచ్చేసరికి నా కూతురి ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. గుమ్మంలోనే "అమ్మా, ఇంక ఆ మనిషితో నా వల్ల కాదు" అంది. "ముందు చెప్పులు విప్పవే, సూప్ వేడిగా ఉంది" అన్నాను. పైకి అలా అన్నానే గాని లోపల గుండె గంతులేసింది. కూతురి కాపురం కూలితే సంతోషపడే తల్లి ఉంటుందా అంటే ఉంది, ఇక్కడ కూర్చుని ఇది రాస్తోంది.

అల్లుడు రాదెక్ కొట్టడు, తాగడు, మాట్లాడడు. ఆ మూడోదే దాన్ని తినేసింది.

నా మనవరాలికి ఆరేళ్ళు. ముందు పన్ను ఊడింది, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరించింది. వెనక గది దానికిస్తాను. మా ఆయన ఓల్డా చివరిదాకా పడుకున్న గది. వంటింటి పొయ్యి వేడి గోడలోంచి అటే పోతుంది, కింద నేలమాళిగ ఉంది కాబట్టి నేల చల్లగా కొట్టదు. ఇంట్లో దానికన్నా వెచ్చటి గది లేదు.

అక్టోబరు 5

పిల్లల సంక్షేమం ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఆవిడ మా చిరునామా చూసి కళ్ళజోడు తీసేసింది. "ఆ యురేనియం గనుల ఊళ్ళో ఇల్లా?" అంది, మేమేదో పెంటకుప్ప మీద కాపురం ఉంటున్నట్టు. రాదెక్ లాయరు అప్పుడే కాగితం పెట్టేశాడట, పిల్లని యురేనియం మీద పడుకోబెడుతున్నారని. జనవరిలో కోర్టు. ఈలోగా ఇంట్లో గాలి కొలిపించాలి. యురేనియంలోంచి ఊరే రేడాన్ గాలి హద్దుకి లోపల ఉంటే అనేష్కా తల్లి దగ్గర ఉంటుంది, దాటితే తండ్రి దగ్గరికి ప్ల్జెన్ నగరం వెళ్ళాలి.

ముప్ఫై ఏళ్ళు స్నానాల ఆసుపత్రిలో పనిచేశాను. పాత గనిలోంచి ఆ నీళ్ళు తోడి తెచ్చేది, కీళ్ళ నొప్పులవాళ్ళని తొట్టెల్లో కూర్చోబెట్టేది ఆ రేడాన్ కోసమే కదా. "కదలొద్దు, కదిలితే నీళ్ళలోంచి గాలి ఎగిరిపోతుంది" అని పెద్దపెద్ద దొరల్ని మందలించిన నోరు ఇది. కర్రలతో వచ్చినవాళ్ళు కర్రలు వదిలేసి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అలాంటిది నా ఇంట్లో అదే గాలి విషం అయిపోయిందట.

అక్టోబరు 7

కొలిచే ఇంజనీరు వచ్చాడు. హ్రుష్కా అట పేరు. బక్కగా, జలుబుతో, జేబురుమాలు చేతిలోంచి దించకుండా. నేను చేసిన జామ్ బన్నులు వద్దు వద్దంటూనే పళ్ళెం ఖాళీ చేశాడు. అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ పెట్టె తెచ్చి వెనక గదిలో బీరువా మీద పెట్టాడు.

"దీన్ని కదపొద్దు వ్లాస్తా గారూ. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. ఈ గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు."

"నాకు చెబుతున్నారా బాబూ? సగం జర్మనీ మోకాళ్ళని ఆ గాలిలో నానబెట్టింది ఈ చేతులే."

"మోకాళ్ళు కాసేపు నానితే వేరమ్మా. పసిపిల్ల ఊపిరితిత్తులు రాత్రంతా, ఏళ్ళ తరబడి పీలిస్తే వేరు."

తర్వాత నేలమాళిగలోకి దిగాడు. బొగ్గు, బంగాళదుంపలు, ఊరగాయ సీసాలు అన్నీ చూసి వెనక గోడ దగ్గర ఆగాడు. ఆ ఒక్క గోడే ఇటుకలది, మిగతావి రాయి. మా అమ్మావాళ్ళు యుద్ధం అయ్యాక ఈ ఇంట్లోకి వచ్చేసరికే అలా ఉంది. హ్రుష్కా దానికి చెవి ఆనించాడు.

"దీని వెనక ఏముంది?"

"కొండ."

"కొండలో ఏముంది?"

"అది కొండనే అడగండి" అన్నాను.

నవ్వలేదు. ఊరి కింద పాత సొరంగాలు పటాల్లో సగమైనా లేవని గొణిగి, ముక్కు తుడుచుకుని పైకొచ్చాడు.

అక్టోబరు 8

పెట్టె బీరువా మీద ఉంది. నేను ముట్టుకోలేదు.

అక్టోబరు 12

బీరువా మీద ఉన్ని దుప్పట్లు పెట్టుకోవాలి. పెట్టె అడ్డం వస్తోంది. తీసి కిటికీకున్న రెండు అద్దాల నడుమ పెట్టాను, వెన్న పక్కన. ఇంట్లో ఎంత పెద్ద ఫ్రిజ్ ఉన్నా చలికాలం వెన్న పెట్టేది అక్కడే కదా. గదిలో ఉంచమన్నాడు, గదిలోనే ఉంది.

అక్టోబరు 13

బయటి అద్దం కాస్త వదులే, సందులోంచి గాలి కొడుతుంది. అది నా తప్పు కాదు. ఓల్డా బతికుండగా బాగుచేస్తానన్నాడు, చేయలేదు. పెట్టె గదిలోనే ఉంది.

అక్టోబరు 24

ఇవాళ భలే నవ్వొచ్చింది. నేలమాళిగ తలుపు వంటింటి మూలన ఉంది కదా, దాని తాళం కన్నం ముందు అనేష్కా దిండులోంచి లాగిన ఈక పట్టుకుని కూర్చుంది. ఈక వెనక్కి ఊగుతోంది, కాసేపాగి కన్నంలోకి లాక్కుపోబోతోంది, మళ్ళీ వెనక్కి.

"ఏంటే అది?"

"ష్! తాతయ్య నిద్రపోతున్నాడు. చూడు, ఊపిరి."

యిత్కా చేతిలో ప్లేటు జారబోయింది. నేను మాత్రం నవ్వాను. నిజంగానే నవ్వాను. ఓల్డా గనిలో నీళ్ళ పంపుల దగ్గర పనిచేశాడు, ఇంట్లో ఉంటే నేలమాళిగలో ఏదో ఒకటి బాగుచేస్తూ కూర్చునేవాడు. అక్కడే ఉన్నాడనుకుంటే పిల్లకి మంచిదే. నాకూ మంచిదే.

నవంబరు 2

సమాధుల రోజు. శ్మశానమంతా దీపాలు. ఓల్డా దగ్గర చేమంతులు పెట్టాను. పక్కింటి ఎర్హార్ట్ కర్రూపుకుంటూ వచ్చాడు. యుద్ధం తర్వాత జర్మన్లందర్నీ పంపేసినా గని పని తెలిసినవాడని ఆయన్ని ఉంచేశారు. అందుకే ఎవరికీ భయపడడు, నోటికెంత వస్తే అంత అంటాడు.

"నీ మొగుడు దేనితో పోయాడే వ్లాస్తా?"

"తెలియనట్టు అడుగుతావేంటి? సిగరెట్లు."

"వాడి పక్కనున్న మా పెప్పి?"

"వాడూ తాగేవాడుగా."

కర్రతో ఆ వరసంతా చూపించాడు. "వీళ్ళందరూ ఒకే బ్రాండు తాగారంటావు."

"నోరు ముయ్యి ఎర్హార్ట్. నీ గాలికి దీపం ఆరిపోతోంది."

ఓల్డా పోయింది సిగరెట్ల వల్ల. డాక్టరు కూడా సిగరెట్లు తాగేవాడా అని అడిగాడు, తాగేవాడని చెప్పాను.

నవంబరు 18

హ్రుష్కా పెట్టె తీసుకెళ్ళాడు. నిన్న సాయంత్రమే దాన్ని తుడిచి బీరువా మీదికి చేర్చాను.

"కదపలేదుగా?"

"దుమ్ము కూడా దులపలేదు బాబూ."

అనేష్కా మంచం మీద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. తలెత్తి నన్ను చూసింది. ఆయన వెళ్ళాక నా ఒళ్ళోకి వచ్చి చెవిలో అడిగింది.

"అమ్మమ్మా, అది వెన్న దగ్గర కదా ఉంది?"

"దుప్పట్ల కోసం పెట్టానే."

"మరి ఆయనకి చెప్పలేదే? అబద్ధమా?"

"అబద్ధం కాదు. మనిద్దరి రహస్యం."

రహస్యం అనేసరికి దాని కళ్ళు మెరిశాయి. పిల్లలకి రహస్యాలంటే ఎంత ఇష్టమో.

నవంబరు 30

కాగితం వచ్చింది. హద్దుకి లోపలే! యిత్కా నా మెడ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "అమ్మా, నువ్వు లేకపోతే నా గతేంటి" అంది. సంక్షేమం ఆవిడ ఆ కాగితం ఫైల్లో పెట్టేసుకుంది.

నేను చెబుతూనే ఉన్నానుగా, మా ఇల్లు మంచిదని.

డిసెంబరు 4

చలి ముదిరింది. పిల్ల గదిని సిద్ధం చేశాను. కిటికీ సందుల్లో నాచు కుక్కి, మీద పొడుగాటి దిండు పరిచి, అంచులకి ఉన్నిపట్టీలు అంటించాను. ఇప్పుడు సూది మొనంత గాలి కూడా రాదు. పొద్దున్నే లేచి బొగ్గు వేస్తున్నాను, పడుకునే ముందు మళ్ళీ నింపుతున్నాను. గది రొట్టెలు కాల్చే పొయ్యిలా వెచ్చగా ఉంది. అనేష్కా దుప్పటి తన్నేసి, బుగ్గలు ఎర్రగా చేసుకుని పడుకుంటుంది. తలుపు దగ్గర నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోతున్నాను. ఎన్నేళ్ళకి నాకీ సుఖం.

డిసెంబరు 11

నేలమాళిగలో బంగాళదుంపలు మొలకెత్తాయి. బయట నీళ్ళ తొట్టి రాయిలా గడ్డకట్టింది, ఇక్కడ దుంపలకి వసంతం వచ్చేసింది. అన్నీ కాదు, ఇటుక గోడ వైపున్నవే. తెల్లటి మొలకలు, ఒక్కొక్కటి చూపుడు వేలంత. పిచ్చెక్కినట్టు అన్నీ మెట్ల వైపే వంగి ఉన్నాయి.

పైకప్పుకున్న సాలెగూళ్ళు కూడా అటే వంగి ఉన్నాయి. లాంతరు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అవి కదలడం లేదు, ఎవరో పట్టుకుని లాగినట్టు అలా బిగిసి ఉన్నాయి.

మొలకలు తుంచేసి దుంపలు ఇటువైపు మార్చాను.

డిసెంబరు 15

అనేష్కా ఈక ఆట ఆపేసింది. ఎందుకే అంటే చెప్పదు. మధ్యాహ్నం యిత్కా నర్సు పనికెళ్ళాక మళ్ళీ అడిగాను.

"తాతయ్య ఇప్పుడు లోపలికి పీల్చడం లేదు అమ్మమ్మా. బయటికే వదులుతున్నాడు. వదులుతూనే ఉన్నాడు."

నేనే వెళ్ళి ఈక పట్టి చూశాను. నిజమే. ఎంతసేపు కూర్చున్నా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. మనిషన్నవాడు అంతసేపు ఊపిరి వదల్లేడు.

తాళం కన్నానికి కాగితం అంటించాను.

డిసెంబరు 16

కాగితం ఉబ్బి ఉంది, బుగ్గ పూరించినట్టు. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ ఉబ్బింది. యిత్కా చూసి "ఏంటమ్మా ఇది, తలుపు కింద గుడ్డలేంటి?" అంది.

"చలిగాలి."

వంగి చెయ్యి పెట్టి చూసింది. "ఇది చల్లగా లేదే."

"నీ చేతులు చల్లగా ఉన్నాయి, అందుకే తెలియట్లేదు" అని దాన్ని పంపేశాను. ఆ గాలి చల్లగా లేదని నాకు ఎప్పుడో తెలుసు.

డిసెంబరు 24

రాయాలి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

క్రిస్మస్ ముందురాత్రి వంట బాగా కుదిరింది. కార్ప్ చేప, దుంపల సలాడ్. ఆపిల్ కోస్తే నడుమ నక్షత్రం చక్కగా వచ్చింది, అందరికీ ఆరోగ్యమే అని యిత్కా చప్పట్లు కొట్టింది. తర్వాత అక్రోటు పడవలు. అక్రోటు చిప్పల్లో చిన్నచిన్న కొవ్వొత్తులు నిలబెట్టి నీళ్ళలో వదలాలి. ఎవరి పడవ అంచుని పట్టుకుని ఉంటే వాళ్ళు ఏడాదంతా ఇంటిపట్టున ఉంటారు, ఎవరిది దూరంగా పోతే వాళ్ళు ప్రయాణమవుతారు. ఎవరి దీపం ముందు ఆరితే వాళ్ళ గురించి పిల్లల ముందు మాట్లాడం.

బల్ల నిండా గిన్నెలు ఉన్నాయి. "నా గదిలో, నా మంచం పక్కన" అని అనేష్కా మారాం చేసింది. పళ్ళెం నిండా నీళ్ళు పోసి అక్కడే నేల మీద పెట్టాం. దీపం ఆర్పేశాం. పడవలు నాలుగు: నాది, యిత్కాది, అనేష్కాది, ఓల్డాది.

నాలుగు మంటలూ పొయ్యి గోడ వైపు ఒరిగాయి. ఊగలేదు. అలా ఒరిగి, అలాగే నిలిచాయి. తర్వాత పడవలు ఒక్కటొక్కటే మంచం వైపు నుంచి జరగడం మొదలుపెట్టాయి, వెనక ఎవరో వేలు పెట్టి నెడుతున్నట్టు. అనేష్కాది మంచానికి దగ్గరగా ఉంది. దాని మంట సన్నగా సాగి, నీలంగా మారి, ఆరిపోయింది.

"మళ్ళీ!" అంది అది. వెలిగించాం. ఆరిపోయింది. మూడోసారి నేనే వెలిగించి, చేతులు అడ్డం పెట్టాను. చేతులకి పైన గాలి ఆగింది, కింది నుంచి ఆగలేదు. ఆరిపోయింది.

"వత్తి తడిసినట్టుంది" అన్నాను. మంచం కిందికి చెయ్యి పోనిచ్చాను. గోడ నేలని కలిసే చోట వేలు దూరేంత చీలిక. అక్కడ ఊపిరి తగిలింది. గోరువెచ్చగా, తడిగా, విరామం లేకుండా. సరిగ్గా పిల్ల దిండు కింద.

యిత్కా నా ముఖం చూసి పిల్లకి వినపడకుండా నా భుజం పట్టుకుంది. "అమ్మా, ఊరుకో. ఇవన్నీ ముసలమ్మల నమ్మకాలు. ఏదో గాలి వీచింది, అంతే. గాలి మంచిదేనని కాగితం ఉంది కదా."

కాగితం ఉంది కదా అని నన్ను ఓదార్చింది నా కూతురు.

డిసెంబరు 25

అనేష్కాని నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. ఎలుక కనపడిందని చెప్పాను.

డిసెంబరు 26

పొయ్యి ఆర్పేశాను. ఇల్లు చల్లబడ్డాక మంచం జరిపి చీలిక దగ్గర చెయ్యి పెట్టాను. ఊపిరి పలచబడింది, ఉందో లేదో అన్నట్టు ఉంది. మళ్ళీ బొగ్గు వేసి రాజేశాను. గది వెచ్చబడేకొద్దీ అది కూడా బలం పుంజుకుంది. వేడిగాలి పొయ్యి గొట్టంలోంచి పైకి పోతోంది. పోయిన చోటు నింపడానికి ఇంటికి గాలి కావాలి. కిటికీలన్నీ నేనే నాచు కుక్కి మూసేశాను. ఇంక ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? కొండలోంచి.

పిల్లకి చలి వేయకూడదని నేను వేసిన ప్రతి బొగ్గు పెళ్ళా కింది నుంచి దాన్ని పైకి లాగింది.

ఓల్డా ఆ గదిలోనే పడుకునేవాడు. పగలు గని, రాత్రి ఆ గది. దగ్గు మొదలయ్యాక ఇంకా వెచ్చగా ఉండాలని నేను పొయ్యి ఇంకాస్త నింపేదాన్ని.

ఓల్డా సిగరెట్లు మానేసింది యిత్కా పుట్టిన ఏడు.

డిసెంబరు 29

కిటికీ నాచు పీకేశాను. తలుపులు తీసి పెడుతున్నాను, బొగ్గు తగ్గించాను. యిత్కాకి ఒళ్ళు మండింది. "పిల్ల రెండు స్వెట్టర్లు వేసుకుని ఇంట్లో తిరుగుతోంది. బొగ్గుకి పిసినారితనమేంటమ్మా? చాదస్తం పట్టిందా నీకు?"

చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. కాఫీ కావాలా అన్నాను.

జనవరి 2

అనేష్కా దగ్గుతోంది.

జనవరి 3

డాక్టరు మామూలు జలుబే అన్నాడు. ఛాతీ శుభ్రంగా ఉందన్నాడు. నేను మళ్ళీ వినమన్నాను. మళ్ళీ విన్నాడు. ఇంకోసారి వినమంటే నన్ను అదోలా చూశాడు. పిల్ల మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, నేను కూడా తాతయ్యలా దగ్గుతున్నానా?" అంది.

తాతయ్య దగ్గు ఇది వినలేదు. పుట్టకముందే పోయాడు. ఎలా తెలుసని అడిగితే "కింద వినిపిస్తుందిగా" అంది. డాక్టరు గది నుంచి ఇంటిదాకా దాన్ని ఎత్తుకునే నడిచాను, ఎంత బరువున్నా దింపలేదు.

జనవరి 4

హ్రుష్కా ఆఫీసుకి వెళ్ళాను. ఆయనకి ఇంకా జలుబు తగ్గలేదు.

"పెట్టె నేను కదిపాను" అన్నాను. కూర్చోకుండానే.

"ఎక్కడ పెట్టారు?"

"కిటికీ అద్దాల మధ్య. వెన్న పక్కన."

కోప్పడతాడనుకున్నాను. జేబురుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఈ మాట మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది వ్లాస్తా గారూ. చెప్పారు కాబట్టి నేను కోర్టుకి రాయాలి."

"రాయకండి. చడీచప్పుడు లేకుండా ఇల్లు బాగుచేసేయండి. ఎవరికీ తెలియక్కర్లేదు."

"బాగుచేయొచ్చు. నేలంతా తవ్వాలి, గొట్టం వెయ్యాలి, గాలిని బయటికి లాగే మిషను బిగించాలి. మంచు కరగనిదే పని మొదలవదు. అప్పటిదాకా పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

నా పక్కలో అనబోయాను. నా పక్క కూడా ఆ ఇంట్లోనే ఉంది.

"రాయండి" అన్నాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో ముసలాయన బస్సు చార్జీలకి డబ్బులు కావాలా అని అడిగాడు.

జనవరి 5

యిత్కాకి చెప్పాను. పూర్తిగా చెప్పాను. అది గిన్నె తోముతోంది, తోముతూనే ఉంది.

"కాగితం వచ్చిన రోజు నీ మెడ పట్టుకుని ఏడ్చాను."

"అవునే."

"నువ్వు నా వీపు నిమిరావు."

"నిన్నూ దాన్నీ వదులుకోలేకపోయానే. ఆ గాలి మంచిదేనని నమ్మాను."

"నమ్మితే పెట్టె ఎందుకు కదిపావు?"

నేను గుడ్డ తీసుకుని తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను.

"నాన్న దగ్గు నాకు గుర్తుందమ్మా" అంది చివరికి, గిన్నె బోర్లించి. "నువ్వు గుర్తులేనట్టు నటించావు. నేను నిజంగానే మర్చిపోయాననుకున్నావా?"

జనవరి 6

యిత్కా తను పనిచేసే ఆసుపత్రి నర్సుల హాస్టల్లో చేరుతుంది. అక్కడ పిల్లల్ని ఉంచుకోనివ్వరు. రాదెక్ కారులో వచ్చి అనేష్కాని తీసుకెళ్ళాడు. అప్పుడూ ఏమీ మాట్లాడలేదు, పిల్లకి టోపీ మాత్రం జాగ్రత్తగా చెవుల మీదికి లాగాడు. కారు అద్దం దించి అది అడిగింది.

"అమ్మమ్మా, మన రహస్యం చెప్పేశావా?"

"చెప్పేశానమ్మా."

"మరి నన్నెందుకు పంపేస్తున్నారు?"

జనవరి 20

కోర్టు పిల్లని తండ్రికిచ్చింది. తల్లి దగ్గరికి నెలకి రెండు శనివారాలు. ఇంట్లో గాలి గురించి కాదు, గాలి ఎక్కడైనా బాగుచేయించుకోవచ్చు, కొలతని మార్చిన ఇంటిని నమ్మలేమని జడ్జిగారు అన్నారు. యిత్కా నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. చేసింది నేను, పోగొట్టుకున్నది అది.

ఫిబ్రవరి 9

కొత్త పెట్టె. దీన్ని హ్రుష్కా బీరువాకి మేకుతో కొట్టాడు. నేను అటు చూడకుండా తిరుగుతున్నాను.

మార్చి 2

లెక్క వచ్చింది. హ్రుష్కా చెప్పడానికి మొహమాటపడ్డాడు. గనిలో పనిచేసేవాళ్ళని కూడా అలాంటి గాలిలో పడుకోనివ్వరట. కిటికీలు తెరిచి ఉన్నప్పటి లెక్క ఇది. మూసి ఉన్నప్పటిది ఎంతో నేను అడగలేదు.

మార్చి 22

ఇటుక గోడ పగలగొట్టారు. ఎర్హార్ట్ కూడా వచ్చాడు. మొదటి ఇటుక లాగగానే గాలి మా ముఖాల మీదికి వచ్చింది, నిద్రలేచినవాడి నోటి గాలిలా. పనివాళ్ళు కూడా వెనక్కి జరిగారు. వెనక రాతి కమాను, దానిలోంచి కొండ లోపలికి పోయే సొరంగం. ఎర్హార్ట్ లాంతరు లోపలికి చాచాడు. ఏమీ లేదు. పారా లేదు, ఎముకా లేదు. ఎంత దూరం వెలుగు పడితే అంత దూరం ఖాళీ.

"ఏదో ఒకటి ఉండుంటే బాగుండు" అన్నాను.

"నీ ఓల్డా ఉంటాడనుకున్నావా?"

అవునన్నాను. ఎర్హార్ట్ మొదటిసారి వెటకారం ఆడలేదు. లాంతరు కిందికి దించి, "అందరం అనుకుంటామే" అన్నాడు.

ఏప్రిల్ 1

సొరంగం నోటికి గొట్టం పెట్టి, గోడ మళ్ళీ కట్టి, నేలంతా కాంక్రీటు పోశారు. గొట్టం ఇంటి పక్కగా పైకెళ్ళి కప్పు దాటింది, దాని మీద మిషను. చలిగా ఉన్న పొద్దుల్లో గొట్టం నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. గాలి లేనప్పుడు నిటారుగా, ఆగకుండా. దారిన పోయేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. నేను అటు చూడకుండా మార్కెట్టుకి వెళ్ళొస్తున్నాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇంతకుముందు ఇంట్లో చప్పుడుండేదని నాకు ఇప్పుడే తెలిసింది.

ఏప్రిల్ 6

యిత్కా వచ్చింది. నాకోసం కాదు. హ్రుష్కా దగ్గర పెట్టె తానే తీసుకుని, తానే వెనక గదిలో పెట్టి, గదికి తాళం వేసి తాళంచెవి పర్సులో వేసుకుంది. నేను వంటింట్లో నిలబడి చూశాను. నా ఇంట్లో నన్ను ఒక గదికి బయట పెట్టింది నా కూతురు.

ఏప్రిల్ 20

హద్దుకి లోపలే. చాలా లోపల. బడిలో గాలి కన్నా మేలట. యిత్కా ఫోన్లో చెప్పింది. "శనివారం దాన్ని తీసుకొస్తాను" అంది. నేను థాంక్స్ చెప్పాను, బయటివాళ్ళకి చెప్పినట్టు.

ఏప్రిల్ 23, శనివారం

పొద్దున్నించి గిన్నెలు అటూ ఇటూ మారుస్తూనే ఉన్నాను. బస్సు చప్పుడు వినగానే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

అనేష్కా గేటు దగ్గరినుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎత్తు పెరిగింది, పన్ను వచ్చేసింది. బుగ్గలు పూరించి, పెదాలు బిగించి, కళ్ళు ఇంతింత చేసుకుని ఉంది. నేను చేతులు చాచాను. నా పక్కనుంచి దూసుకుపోయి, వంటిల్లు దాటి, వెనక తలుపులోంచి తోటలోకి పడింది. అక్కడ నిలబడి రొప్పింది. మళ్ళీ బుగ్గలు పూరించి లోపలికొచ్చి, నన్నొకసారి చుట్టేసుకుని, మళ్ళీ బయటికి పరుగు.

"ఏంటే, కప్పలా ఆ బుగ్గలేంటి?" అని నవ్వాను. ఏదో ఆట అనుకున్నాను.

మూడోసారి వచ్చినప్పుడు ముఖం కందిపోయి ఉంది. అప్పుడు అర్థమైంది. ఇది ఇంట్లో ఊపిరి బిగబట్టుకుని తిరుగుతోంది.

గరిటె పట్టుకునే దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "తల్లీ, ఇప్పుడు మంచి గాలే. మిషను పెట్టారు కదా, అంతా బాగైపోయింది. పీల్చుకోమ్మా."

తల అడ్డంగా ఊపింది. నన్ను చూడలేదు, తల్లి వైపు చూసింది.

"పరవాలేదు, పీల్చు" అంది యిత్కా.

అయినా పీల్చలేదు. గుమ్మం దాటి బయట నిలబడి, గాలి గట్టిగా తీసుకుని, అక్కడినుంచే తల్లిని అడిగింది.

"అమ్మమ్మ చెప్పిందా, నువ్వు చూశావా?"

యిత్కా నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"నేనే చూశాను. పెట్టె నేనే పెట్టాను, నేనే తీశాను."

అప్పుడు లోపలికి వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని ముందు కొంచెం, ఆ తర్వాత నిండుగా ఊపిరి పీల్చింది. నేను సూప్ వడ్డించాను. గిన్నె నిండి బల్ల మీద ఒలికింది. యిత్కా గుడ్డ తెచ్చి తుడిచింది.